తప్పు కాని సవరణ

2022 వేసవిలో నేను కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక చేనేత పట్టణపు మున్సిపాలిటీలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. జనన మరణాల సీటు నాది. అంతకు ముందు చాలా ఏళ్లు కల్లూరు వైపు ఇంటిపన్ను లెక్కలు చూశాను. గణాంక శాస్త్రం చదివినవాణ్ణి కాను. ఇంటర్మీడియట్‌తో ఉద్యోగంలో చేరి, కూడిక సరిపోని చోటల్లా ఎందుకు సరిపోలేదో వెతుక్కుంటూ నేర్చుకున్నదే నా విద్య. ఈమధ్యనే మోకాళ్ల నొప్పితో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను.

ఆ సీటులో పని ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. బిడ్డ పుట్టిందని కబురు ఇచ్చినవారు నింపే ఫారానికి రెండు భాగాలుంటాయి. పై భాగంలో తేదీ, చోటు, ఆడో మగో, తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. దాన్ని కుట్టి రిజిస్టరుగా భద్రం చేస్తాం. కింది భాగాన్ని వేరు చేసి, ఆ నెలలో మగ ఎందరు, ఆడ ఎందరు అని మొత్తాలు కట్టి జిల్లాకు పంపుతాం. తరువాత ఎవరైనా సవరణ అడిగితే, 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో పదిహేనో సెక్షన్ ప్రకారం అసలు రాతను కొట్టేయకూడదు, దిద్దకూడదు. పక్కన మార్జిన్‌లో సవరణ రాసి, తేదీ వేసి, రిజిస్ట్రారు సంతకం చేయాలి. మా ఊళ్లో రిజిస్ట్రారు హోదా మున్సిపల్ కమిషనరుది.

వచ్చే సవరణల్లో ఎక్కువ భాగం పేర్లవే. ఆడ, మగ తారుమారైనవి అరుదుగా వచ్చేవి. అటువంటి వాటికి మా దగ్గర తయారుగా ఒక వాంగ్మూలం నమూనా ఉండేది. ‘నమోదు సమయంలో పొరపాటున ఇలా తెలిపితిని’ అని మొదట కబురు ఇచ్చిన వ్యక్తి సంతకం చేయాలి. సంగతి తెలిసిన మరో ఇద్దరు సాక్ష్యం పెట్టాలి. ఎవరొచ్చినా అది చేతికిచ్చి పంపడం మా అలవాటు.

శ్రావణి వచ్చినప్పుడు కూడా అదే ఇచ్చాను.

ఆమె ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. పుట్టినప్పుడు మగబిడ్డగా నమోదైంది. అప్పటి పేరు ఇక్కడ అవసరం లేదు. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం కింద జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టరు, ఆమెకు మొదట గుర్తింపు ధ్రువపత్రం ఇచ్చారు. ఆపరేషన్ అయిన తరువాత ఆస్పత్రి పత్రం చూసి, ‘స్త్రీ’ అని సవరించిన ధ్రువపత్రం కూడా ఇచ్చారు. రెండింటినీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వచ్చింది. కడపలో ఒక ఆస్పత్రి ఆమెను ఉద్యోగానికి ఎంపిక చేసింది. పత్రాలన్నిటిలో ఒకే వివరం ఉంటేనే చేర్చుకుంటామని, నెలాఖరు దాకా చూస్తామని చెప్పింది. పదో తరగతి మార్కుల పత్రం మార్చమంటే, ముందు జనన ధ్రువపత్రం మార్పించుకుని రమ్మన్నారట. అంటే అన్నిటికీ అడుగున ఉన్నది మా రిజిస్టరే. అది మారకపోతే ఆ ఉద్యోగం లేదు.

పాత రిజిస్టరు తీసి చూశాను. ఇంట్లో జరిగిన కాన్పు. కబురు ఇచ్చింది తండ్రి ఈరన్న. కింద తెలుగులో సంతకం ఉంది.

“మీ నాయన సంతకం కావాలమ్మా. ఒప్పుకుంటాడా?” అని అడిగాను.

“కలెక్టర్ ఆఫీసుకు నాతో పాటు వచ్చింది ఆయనే సార్. దీనికి రాడా?” అంది.

మరుసటి రోజు ఇద్దరూ వచ్చారు. ఈరన్న గుంటమగ్గం మీద బట్ట నేసే మనిషి, అరవై దాటినవాడు. అద్దాలు పెట్టుకుని వాంగ్మూలం మొత్తం చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. కాగితం నా బల్ల మీద పెట్టి, “దీంట్లో సంతకం నేను పెట్టను సారూ” అన్నాడు.

శ్రావణి కాగితాన్ని మళ్లీ ఆయన వైపు జరిపింది. “ఏం నాయనా, ఇంత దూరం వచ్చినాక?”

“పొరపాటున చెప్పినానని రాసిండారు. నేను పొరపాటున యాడ చెప్పినా? మంత్రసాని చూసి చెప్పింది, నేను చూసినా, ఈడికొచ్చి రాయించినా. ఆ పొద్దు వీధి వీధంతా చక్కెర పంచినా. అది తప్పెట్లయితాది?”

“అందరూ పెడతారంట నాయనా. ఉత్త కాగితం.”

“ఉత్త కాగితమైతే అది లేకుండానే చేయమను.”

మా అటెండరు మస్తాన్ వాళ్ల వీధివాడే. వాతావరణం తేలిక చేద్దామనుకుని, “సాక్ష్యం కావాలంటే నేను పెడతాలే మామా” అన్నాడు.

“నువ్వా? ఆ పొద్దు రెండుసార్లు చెయ్యి చాపి చక్కెర తిన్నోడివి నువ్వే గదప్పా. ఇప్పుడేమని పెడతావు?”

మస్తాన్ నవ్వేసి ఫైళ్ల గదిలోకి వెళ్లిపోయాడు. శ్రావణి మాత్రం నవ్వలేదు. “నీ మాట నిలబెట్టుకునేదానికి నా ఉద్యోగం పోగొడతాండావు” అంది.

ఈరన్న ఆమె వైపు తిరిగి, గొంతు తగ్గించి చెప్పాడు. “అట్ల కాదు బిడ్డా. నువ్వు రేపు ఉద్యోగంలో ఉంటావు. గిట్టనోడు ఎవడన్నా అర్జీ పెడితే నన్ను పిలిపిస్తారు. ఏమప్పా, పుట్టినప్పుడు ఆడబిడ్డనేనా అంటే నేనేం చెప్పాల? అబద్ధం పెట్టినోని సంతకం మీద నీ కాగితం ఎన్నాళ్లు నిలబడ్తాది?”

ఆయన అన్నదాంట్లో చట్టం కూడా ఉంది. నమోదు విషయంలో తెలిసీ అబద్ధపు వివరం ఇస్తే శిక్ష ఉందని ఆ వాంగ్మూలం అడుగునే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ ఒక్క వరుసను అంతవరకు ఎవరూ మా ముందు చదవలేదు. అయితే ఆ వాంగ్మూలం లేకుండా కమిషనరు ముందు ఫైలు పెట్టే పద్ధతి మాకు లేదు. శ్రావణి బయట బెంచీ మీద కూర్చుని కడపకు ఫోన్ చేసింది. నెలాఖరు తరువాత కుదరదని వాళ్లు మళ్లీ చెప్పారు.

నేను ఫైలును ఉన్నదున్నట్టు పైకి పంపాను. తండ్రి సంతకానికి నిరాకరించాడని, కారణం ఇదని, కలెక్టరు ధ్రువపత్రాలు జతచేశామని నోటు రాశాను. కమిషనరు అనంతపురం వైపు మనిషి, మా ఊరికి కొత్తగా వచ్చిన మేడమ్. ఆ సాయంత్రమే నన్నూ ఈరన్ననూ పిలిచారు. ఆయన నాకు చెప్పిందే ఆమెకూ చెప్పాడు, చక్కెర సంగతితో సహా.

ఆమె 2019 చట్టాన్ని, మరుసటి ఏడు వచ్చిన నిబంధనలను తెప్పించుకుని చదివారు. కలెక్టరు ధ్రువపత్రం ఉన్నవారి అధికారిక పత్రాల్లో పేరూ లింగమూ మార్చాలని అందులో ఉంది. ఆ పత్రాల జాబితాలో జనన ధ్రువపత్రం ఉంది. మార్చిన పత్రానికి పాత నంబరే ఉండాలని కూడా ఉంది. మొదటి నమోదు తప్పని ఎవరైనా ఒప్పుకోవాలని మాత్రం ఎక్కడా లేదు.

“తప్పే జరగనప్పుడు తప్పని రాయించుకునే పని మనకెందుకండీ?” అన్నారు మేడమ్. “మనం పాత చట్టం నమూనాను కొత్త చట్టం పనికి వాడుతున్నాం.”

నాకొక సందేహం మిగిలింది, అడిగాను. ఆ ఏటి మగ, ఆడ మొత్తాలు ఎప్పుడో జిల్లాకు వెళ్లిపోయాయి. ఇప్పుడు ఒకటి ఇటు నుంచి అటు మారితే ఆ మొత్తాలు రిజిస్టరుతో సరిపోవు కదా? ఆమె నవ్వి, జిల్లాకు రాసే లేఖలో అది కూడా కలపమన్నారు. మా ఆఫీసులో ఇటువంటిది ఇదే మొదటిది కావడంతో, జిల్లా రిజిస్ట్రారుకు స్పష్టత కోరుతూ లేఖ పంపాం. పంపింది ఈమెయిల్‌లోనే అయినా, మస్తాన్ ఒక ప్రతి తీసుకుని కర్నూలు బస్సెక్కాడు. చేతికి ఇచ్చిన కాగితం తొందరగా కదులుతుందని వాడి నమ్మకం.

జవాబు నెలాఖరు లోపలే వచ్చింది. కలెక్టరు ధ్రువపత్రమే చాలు, పొరపాటు వాంగ్మూలం, సాక్షులు అక్కర్లేదన్నారు. మార్జిన్‌లో సవరణకు ఆధారంగా ఆ ధ్రువపత్రం నంబరు రాయమన్నారు. పాత మొత్తాలను తాకవద్దన్నారు. అవి ఆ నాడు అందిన సమాచారపు లెక్క, ఆ లెక్క అలాగే ఉంటుందని రాశారు. ఆ వాక్యం చదివాక నా తల మీద నుంచి ఒక బస్తా దించినట్టయింది. శ్రావణికి ఫోన్ చేసి చెప్పాను. “ఇప్పుడే వస్తాండాం సార్” అంది.

మార్జిన్ రాత నేనే రాశాను, మేడమ్ సంతకం చేశారు. కంప్యూటరులో వివరం మార్చి ధ్రువపత్రం తీస్తే, అందులో సవరించిన వివరమే అచ్చయింది. పేరు శ్రావణి, లింగం స్త్రీ, పాత నమోదు నంబరు. శ్రావణి దాన్ని ముందూ వెనకా చూసి, “పాతది ఏమీ లేదు గదా సార్?” అని అడిగింది. లేదన్నాను. రిజిస్టరులో ఉంటుందని, రిజిస్టరును ఎవరికీ ఊరికే చూపించబోమని చెప్పాను.

ఈరన్న రిజిస్టరు చూడాలన్నాడు. ఆయన సంతకం ఉన్న నమోదే కాబట్టి పేజీ తెరిచి చూపాను. మొదట తన రాతను, తరువాత పక్కన ఉన్న నా రాతను వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. “రెండూ ఉండాయి. శానా బాగుండాది” అన్నాడు. తరువాత కూతురితో, “పద, కడప బస్సు ఉండాదేమో అడుగుదాం. ఈ పొద్దే ఇచ్చొద్దాం” అన్నాడు.

జనన ధ్రువపత్రం మారింది కాబట్టి మార్కుల పత్రం తరువాత మార్పించి ఇవ్వవచ్చని ఆస్పత్రి ఒప్పుకోవడంతో, నెలాఖరుకు రెండు రోజుల ముందు ఆమె ఉద్యోగంలో చేరింది.

ఆ తరువాత మా సీటులో సవరణ దరఖాస్తులను రెండు కట్టలుగా విడదీశాను. ఒకటి, రాసిన నాడే తప్పుగా పడినవి. వాటికి పొరపాటు వాంగ్మూలం కావాలి. రెండోది, రాసిన నాడు అందరూ నిజమనుకుని చెప్పి, తరువాత చట్ట ప్రకారం మారినవి. వాటికి ఆ మార్పును ధ్రువీకరించిన అధికారి పత్రం కావాలి, ఇంకేమీ అక్కర్లేదు. రెండింటికీ ఒకే ఫారం ఇస్తే, అర్హత ఉన్న మనిషి చేత అబద్ధం రాయించి, ఆ పత్రాన్ని మనమే బలహీనం చేసినవాళ్లమవుతాం. నేను విరమణ తీసుకునేలోగా రెండో కట్టలోకి మరికొన్ని దరఖాస్తులు వచ్చాయి. ఒక్కదానికీ తండ్రిని పిలిపించాల్సిన అవసరం రాలేదు.