వదిన రాసిన ఆర్గానిక్ పేపర్

హుజూరాబాద్‌లో మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికి వదినకు బీఎస్సీలో ఒక్క ఆర్గానిక్ కెమిస్ట్రీ పేపరే మిగిలిపోయింది. తర్వాత పాప పుట్టింది, అన్న దుబాయ్ పోయాడు, పుస్తకాలు అటకెక్కాయి. పాత పేపర్లు రాసుకోవడానికి యూనివర్సిటీ మళ్లీ అవకాశమిచ్చిందని తెలిసి నేనే ఫీజు కట్టి వచ్చాను. అప్పుడు నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను.

"ఇప్పుడేం రాస్త పిల్లా? అన్నీ మర్చిపోయిన," అంటూనే వదిన పుస్తకాల దుమ్ము దులిపింది.

ఎలిమినేషన్ చర్యల దగ్గర ఆగిపోయింది. ఒక కార్బన్ మీది బ్రోమిన్, పక్క కార్బన్ మీది హైడ్రోజన్ పోతే ఆ రెండు కార్బన్ల మధ్య ద్విబంధం వస్తుంది. అది రెండు చోట్ల వచ్చే వీలుంటే, ఏది ఎక్కువగా వస్తుందో చెప్పాలి. ద్విబంధం చుట్టూ కార్బన్ గుంపులు ఎక్కువున్నదే ప్రధానమని వదినకు గుర్తుంది. అన్నిటికీ అదే రాసేది. హైడ్రోజన్‌ను లాగేసే క్షారం బాగా పెద్దదైతే జవాబు మారుతుందంటే తలూపేది, మళ్లీ అదే రాసేది.

"బట్టీ పడితే రాస్త గని, ఎందుకో తెలుస్తలేదు," అంది ఒక మధ్యాహ్నం. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు చదువు రాదు, గంతే."

వంటింట్లో అవ్వ నానబెట్టిన శనగలు కనిపించాయి. వాటిని చీపురుపుల్లలతో గుచ్చి కలిపాను. శనగలు కార్బన్లు, బయటికున్న పుల్లల కొసలు హైడ్రోజన్లు. ఒక ఉల్లిగడ్డ వదిన చేతికిచ్చాను.

"ఇది పెద్ద క్షారం. నడుమనున్న హైడ్రోజన్‌ను తాకు."

పుల్లలు అడ్డమొచ్చాయి. అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. చివరి కార్బన్ మీదిది మాత్రం సులువుగా తగిలింది.

"లోపలికి పోతలేదు పిల్లా! గందుకే బయటిది తీస్కుంటది!"

ఆ కేకకు అవ్వ వచ్చింది. "గుడాలు ఉడకబెడ్దామని నానబెడితే గీ ఆటలేంది?" అంది గానీ, వదిన ముఖం చూసి గిన్నె మా ముందే వదిలి వెళ్లింది.

పరీక్ష కరీంనగర్‌లో. పాపనెత్తుకుని గేటు బయట నిలబడ్డాను. వదిన వస్తూనే మొదలుపెట్టింది.

"గదే ప్రశ్న వచ్చింది. పెద్ద క్షారం జవాబే రాయబోయిన. జర ఆగి బాణం మీద రాసిన క్షారం చూస్తే ఇథాక్సైడ్ ఉంది. చిన్నదే గదా, లోపలికి పోతది. మునుపు రాసే జవాబే రాసిన. కరెక్టేనా?"

"కరెక్టే," అన్నాను. ఆమె అక్కడే మెట్ల మీద కూలబడి నవ్వింది.

ఫలితాల్లో పాసైంది. అన్నకు ఫోన్ చేసి ఆ ప్రశ్నంతా మొదటి నుంచి వివరించింది. అన్న చదువు పదో తరగతితోనే ఆగింది.

"సమజైందా?" అంది.

"కాలే గని, నువ్వు చెప్పు. వింటున్న," అన్నాడు.