బండ పక్క గది

ఒక మాట సగం చెప్పి, మిగతా సగం మింగేశాను. ఆ మింగిన సగం వల్ల ఒక ఇల్లు దాదాపు పాడైపోయింది. ఇన్నాళ్ళలో ఒక్కసారి తప్ప ఈ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

తక్కువ అద్దెలో, పాతకాలపు కళ పోకుండా ఉన్న హోటల్ ఎక్కడుందో వెతికి పట్టుకోవడం నాకున్న పిచ్చి. విజయవాడలోనో, వరంగల్లోనో, ఆఖరికి బళ్ళారిలోనో ఒక రాత్రి ఉండాల్సి వచ్చినా తెలిసినవాళ్ళు ముందు నాకు ఫోన్ చేస్తారు. తాళంచెవికి ఇత్తడి బిళ్ళ వేలాడుతుంటే ఆ హోటల్‌కి నా దగ్గర సగం మార్కులు పడ్డట్టే. కార్డు గీకితే తెరుచుకునే తలుపైతే అక్కణ్ణించే వెనక్కి తిరుగుతాను. బాత్‌రూమ్‌లో బకెట్, చెంబు ఉండాలి. ఏ మర తిప్పితే నీళ్ళు ఎటునుంచి మీద పడతాయో తెలియని ఏర్పాటు నాకు పడదు. కాఫీ అడిగితే "ప్యాకెట్లు గదిలో పెట్టాం సార్, కలుపుకోండి" అనకూడదు. కాఫీ నేనే కలుపుకునేట్టయితే ఇంట్లోనే ఉండేవాణ్ణి కదా.

అలాంటి హోటళ్ళ గురించి అడిగినవాళ్ళందరికీ దాచకుండా చెప్పాను. ఒక్కదాని గురించి మాత్రం చెప్పలేదు. అది శ్రీనగర్ కాలనీ నుంచి కృష్ణానగర్ వైపు దిగే సందులో ఉంది.

ఒకప్పుడు అది ఇల్లు. ఇంటాయన పోయాక ఆవిడ దాన్ని లాడ్జి చేసింది. అందరం ఆవిణ్ణి పెద్దమ్మ అనేవాళ్ళం. ముందు రెండు రెక్కల టేకు తలుపులు, వాటి మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం అద్దాలు. సాయంత్రం ఎండ పడితే వరండాలో గచ్చు మీద ఆ రంగులు పరుచుకునేవి. పేము అల్లిన పడక కుర్చీలు, గోడకి వరసగా చెక్క కొక్కేలు. అన్నిటికంటే గొప్పది బండ. ఈ కొండల మీద ఇల్లు కట్టేవాళ్ళు ముందు బండని పేల్చేసి తరవాత పునాది తీస్తారు. ఆ ఇంటాయనకి మాత్రం పేల్చడానికి మనసొప్పలేదట. గోడనే వంకర తిప్పించాడు. అందువల్ల వెనక మూల గదికి మూడు గోడలు ఇటుకవి, నాలుగోది ఏనుగు డొక్కలాంటి నల్లబండ. మే నెలలో కూడా దానికి వీపు ఆనిస్తే చల్లగా ఉంటుంది. మిగతా బండంతా ఇంటి వెనక పెరట్లో ఉంటుంది. పెద్దమ్మ దాని మీద వడియాలు ఆరబెట్టేది.

నేను సినిమాలకి మాటలు రాస్తాను. చాలా వాటికి తెర మీద నా పేరు పడదు. పడిన ఒకటి రెండూ ఆడలేదు గనక పేరు గురించి నేను ఎవరితోనూ పోట్లాడను. మోతీనగర్లో మా ఇంట్లో పగలంతా మిక్సీ, టీవీ, పక్క వాటాలో వీణ పాఠాలు. అందుకని రాసే పని ఉన్నప్పుడల్లా బండ పక్క గదిలో దిగేవాణ్ణి. అద్దె నాలాంటివాడు కూడా మొహం చిట్లించకుండా ఇచ్చేంతే ఉండేది.

ఇక్కడ మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. సినిమా మొదలుపెట్టే ముందు నిర్మాత కథ కోసం ఒక గది వేస్తాడు. దర్శకుడు, రచయితలు నెలల తరబడి అందులో కూర్చుంటారు. దీన్ని సిట్టింగులంటాం. డబ్బున్నవాళ్ళకి జూబ్లీహిల్స్‌లో స్టార్ హోటళ్ళు. లేనివాళ్ళకి ఇలాంటి లాడ్జీలు. సినిమా ఆడిందంటే ఆ గదికి పూజలు జరుగుతాయి. గది దొరకకపోతే ముహూర్తం వాయిదా వేసుకున్న నిర్మాతలున్నారు. సినిమా పోతే మాత్రం కథనో, మాటలనో ఎవరూ అనరు. గది అచ్చిరాలేదంటారు. అందరికీ మర్యాదగా ఉంటుంది.

ఒకరోజు ఒక కుర్ర దర్శకుడు ఒక నిర్మాత ఆఫీసు మెట్ల మీద కలిశాడు.

"గురువుగారూ, ఆ బండ ఉన్న లాడ్జి మీకు బాగా తెలుసటగా? మా నిర్మాతకి పెద్ద హోటళ్ళు భరించే ఓపిక లేదు. ఆ బండ పక్క గదైతే బాగుంటుందని. ఆర్నెల్లు కూర్చుంటాం."

ఆర్నెల్లు! నా కళ్ళ ముందు బండ కనిపించింది. దానికి ఇంకెవడిదో వీపు ఆని ఉంది.

"గది బాగానే ఉంటుందండీ," అన్నాను. "కథలు కూడా బాగానే కుదురుతాయి. కానీ..."

"కానీ?"

నేను పైకప్పు వైపు చూశాను. అక్కడ బూజు తప్ప ఏమీ లేదు. "ఎందుకులెండి," అన్నాను.

అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "కాపాడారు గురువుగారూ."

నేను మింగిన సగం ఇది: ఆ గదిలో కూర్చుని రాసిన సినిమాలు పోయిన మాట నిజమే. వాటన్నిటికీ మాటలు రాసింది నేనే. గదికి ఉన్న దోషం నేను తప్ప ఇంకేం లేదు.

ఫిల్మ్‌నగర్లో పూర్తి వాక్యం అయితే ఎవరో ఒకరు ఎదురు చెబుతారు. 'ఎందుకులెండి'కి ఎదురు చెప్పేదేముంది? అది ఎవరికి తోచినట్టు వాళ్ళ నోట్లో పూర్తయింది. కొన్నాళ్ళకి కృష్ణానగర్లో టీ తాగుతుంటే ఒక అసిస్టెంట్ డైరెక్టర్ నాకే చెప్పాడు.

"అన్నా, నీకు ఎర్కలేదా? గా బండ లాడ్జిల కూసుంటే కథ ఇంటర్వెల్ దాటదంట."

"ఎవరన్నారు?"

"ఎవరో పెద్ద రైటరంట. మస్తు సినిమాలకు రాసిండంట."

నన్ను ఎవరైనా పెద్ద రైటరన్నది అప్పుడే. సిగ్గుపడాల్సింది పోయి, అతనికి ఇంకో టీ చెప్పాను.

లాడ్జికి సినిమావాళ్ళు రావడం తగ్గింది, తరవాత ఆగింది. ఇత్తడి బిళ్ళలు బోర్డు మీదే వేలాడుతుండేవి. నాకు మాత్రం స్వర్గంలా ఉండేది. చప్పుడు లేదు, బకెట్ కోసం ఎదురుచూపు లేదు, ఎప్పుడు అడిగినా కాఫీ.

"ఏందో సారూ," అనేది పెద్దమ్మ. "సినిమోళ్లు గల్లీ మొదటి దాంక వస్తరు, మల్ల మర్లి పోతరు. నేనేమన్న కరుస్తనా?"

"సీజన్ బాగాలేదు పెద్దమ్మా," అనేవాణ్ణి.

"నీకు మంచిగనే ఉన్నది గదా సీజను. రెండు దోశలు తింటున్నవ్."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నేను నోరు విప్పేలోపే ఆవిడ వాస్తు సిద్ధాంతిని పిలిచింది.

ఆయన కోస్తా మనిషి, చాలా నెమ్మదస్తుడు. వీధి గుమ్మం నైరుతిలో ఉందండీ అన్నాడు. రంగుటద్దాల తలుపులు మూసేసి, వాటికి అడ్డంగా ఇనప బీరువా పెట్టారు. ఇక రాకపోకలు వంటింట్లోంచి. పెట్టెలు పట్టుకుని వచ్చిన ప్రయాణికుడు దోశ పెనం పక్కనుంచి, పప్పు కుక్కర్ వెనకనుంచి, ఉల్లిపాయల బుట్ట దాటుకుని గది చేరాలి. ఒక మందుల కంపెనీ మనిషి సగం దూరం వచ్చి, "సారీ అండీ, ఎవరి వంటింట్లోకో వచ్చేసినట్టున్నాను," అని వెనక్కి పోయాడు. పిలిచినా ఆగలేదు.

ఇవన్నీ జరుగుతుంటే నేనేం చేశాను? "సారూ, జర టేపు పట్టు," అని పెద్దమ్మ అడిగితే టేపు పట్టాను. సిద్ధాంతి ఆ కొస, నేను ఈ కొస. వరండా కుర్చీలు కొట్లోకి పోయాయి. చెక్క కొక్కేలు ఊడదీశారు. ఆఖరికి నా మంచం కూడా తిప్పారు. పొద్దున కళ్ళు తెరిస్తే బండ కనబడేది పోయి, బాత్‌రూమ్ తలుపు కనబడటం మొదలైంది. ఏ కళ కోసం నోరు మూసుకున్నానో ఆ కళని నేనే కొలిచి మరీ తీయించాను.

భయం పట్టుకుంది. తప్పు ఒప్పుకునే ధైర్యం మాత్రం రాలేదు. అందుకని పుకారుని దొడ్డిదారిన వెనక్కి తెద్దామని ఆ కుర్ర దర్శకుడి దగ్గరికి వెళ్ళాను.

"ఆ లాడ్జి మంచిదేనండీ. అదంతా ఉత్త ప్రచారం."

అతను జాలిగా నవ్వాడు. "గురువుగారూ, ఆవిడ మీద మొహమాటంతో చెబుతున్నారు. ఒకళ్ళ గురించి చెడ్డ చెప్పలేక ఆరోజు మీరు పడ్డ బాధ నేను కళ్ళారా చూశాను. మీ మంచితనం నాకు తెలీదా?"

ఆ మంచితనాన్ని మోసుకుంటూ తిరిగొచ్చేసరికి పెరట్లో సిద్ధాంతి బండ చుట్టూ తిరుగుతున్నాడు. పెద్దమ్మ వడియాలు చేటలోకి తీస్తోంది.

"ఈశాన్యంలో ఇంత బరువుంటే ఇంటికి ఊపిరాడదండీ," అన్నాడాయన. "ఎన్ని చేసినా ఇది ఉన్నంతవరకూ ఇంతే."

"ఇన్నవ్ గదా సారూ," అంది పెద్దమ్మ నాతో. ఆవిడ కళ్ళు వడియాల మీదే ఉన్నాయి. "శుక్రవారం బండ కొట్టేటోళ్లు వస్తరు. మా ఆయన అయితే ఒప్పుకోకపోతుండె. ఏం జేస్త? ఇది పోయినంక గూడ ఎవరు రాకపోతే తాళమేసి ఎవరికన్న గోదాముకు ఇచ్చేస్త."

నేను గదిలోకి వెళ్ళి బండకి వీపు ఆనించి కూర్చున్నాను. ఈసారి చల్లదనం సుఖంగా లేదు.

శుక్రవారం లోపల చెప్పాలనుకుని మాటలు రాసుకున్నాను. మొదట రాసింది కోర్టు సీనులా ఉంది. తరవాతది హీరో తల్లి కాళ్ళ మీద పడే సీనులా ఉంది. ఇంకోటి బాగానే కుదిరింది గానీ అందులో తప్పంతా సిద్ధాంతిది అయిపోయింది. రాసినవన్నీ చించేసేసరికి శుక్రవారం వచ్చింది.

పొద్దున్నే సుత్తులు, బండ చీల్చే ఇనప మేకులు పట్టుకుని పనివాళ్ళు వచ్చారు. బండకి పసుపు, కుంకుమ పెట్టారు. సిద్ధాంతి కొబ్బరికాయ పట్టుకుని ఉన్నాడు. నేను పెరట్లోకి వెళ్ళాను.

"పెద్దమ్మా, ఆపించండి. బండది తప్పు లేదు."

"మరెవరిది?"

"నాది."

"నువ్వేం జేసినవ్? బండ నువ్వు పెట్టినవా?"

చెప్పాను. దర్శకుడు అడిగినదీ, నేను పైకప్పు వైపు చూసినదీ, పోయిన సినిమాలకి మాటలు ఎవరు రాశారో, అన్నీ. పనివాళ్ళు సుత్తులు కింద పెట్టి, మేకుల సంచుల మీద కూర్చుని విన్నారు. నా మాటలు జనం కదలకుండా విన్నది అప్పుడే.

"అంటే, దోషం లేదంటారా?" అన్నాడు సిద్ధాంతి నొచ్చుకుంటూ.

"ఉందండీ. అద్దెకి దిగింది."

పెద్దమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. "అయితే నా దర్వాజకు దోషం లేదు?"

"లేదు పెద్దమ్మా."

"గా కొక్కాలకు?"

"లేదు."

"అడ్డమైన జనాలు వంటింట్లకెల్లి పోతుంటె నా పోపు మాడిపాయె. చీర కొంగుకు మసి అంటె. గప్పుడు టేపు పట్టుకొని నిలబడ్డవ్ గదా సారూ, నోట్ల ఏం పెట్టుకున్నవ్?"

నోట్లో బహుశా దోశ ఉండి ఉంటుంది.

"ఫోన్ కొట్టు గా పోరనికి," అంది. "స్పీకర్ పెట్టు. అందరు ఇనాలె."

కుర్ర దర్శకుడు ఎత్తాడు. పనివాళ్ళు దగ్గరికి జరిగారు.

"ఆ లాడ్జి గది చాలా మంచిదండీ," అన్నాను. "అక్కడ పోయిన సినిమాలకి మాటలు నావి. గదిలో లోపం లేదు. నా మాటల్లోనే."

"గురువుగారూ, ఆ పెళ్ళింట్లో దొంగాట సినిమా... అది కూడా మీరేనా? పేరు పడలేదే?"

"పడలేదండీ. నేనే."

"అయ్యో. అందులో క్లైమాక్స్ ముందు ఆ తండ్రి మాటలు..."

"అవి కూడా."

"ఎందుకులెండి," అన్నాడతను.

పెద్దమ్మ చేత్తో నోరు మూసుకుంది. నవ్విందో, తిట్టు ఆపుకుందో నాకు తెలియలేదు. తరవాత పనివాళ్ళ వైపు తిరిగింది. "బండ ముట్టకుర్రి. వచ్చినందుకు గా బీరువా జరుపుర్రి."

సిద్ధాంతి మనసు కష్టపెట్టుకున్నా పెద్దమనిషి. కొబ్బరికాయ వృథా కాకూడదని బండ ముందే కొట్టి, తనూ ఒక చెయ్యి వేశాడు. నేను ఇంకో పక్క పట్టాను. బీరువా గచ్చు మీద గీరుకుంటూ కదిలింది. గొళ్ళెం తుప్పు పట్టి ఉంది. ఒక పనివాడు సుత్తితో చిన్నగా కొడితే ఊడింది. రెక్కలు తెరుచుకున్నాయి. ఎరుపు రంగు అద్దం ఒకటి బీరువా రాపిడికి పగిలింది. మిగతావి బాగానే ఉన్నాయి.

పెద్దమ్మ అందరికీ టీ ఇచ్చింది. నాకు ఇవ్వలేదు.

"గది ఖాళీ చేస్తాను పెద్దమ్మా," అన్నాను.

"చెయ్యి. అది సినిమోళ్లకు ఇస్త. నువ్వు మెట్ల కింది అర్రల రాసుకో. గాడ బండ లేదు, కిటికీ లేదు. నీ సినిమాలు ఆడ్తయేమో సూద్దాం." ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ ఆగింది. "ఫోన్ల గాయనకు చెప్పినవ్. ఈళ్లందరికి చెప్పినవ్. నాకేమన్న చెప్పేదున్నదా?"

ఉంది. రాసుకున్నదేదీ గుర్తు రాలేదు.

"ఆ గది నాకొక్కడికే ఉండాలని మీ ఇంటికి చెడ్డపేరు తెచ్చాను పెద్దమ్మా. మీరు తలుపులు మూసుకుంటుంటే చూస్తూ నిలబడ్డాను. తప్పు చేశాను. నన్ను క్షమించండి."