రేకు పాడిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు నాంపల్లి మట్టి కింద దాక్కున్న ప్రతి మేకూ, ప్రతి పైసా నాతో మాట్లాడేవి. స్టేషను వెనక మా గల్లీలో నేను చెవి పెట్టి వింటే చాలు, అడుగున ఉన్నది ఇనుమో ఇత్తడో, ఎంత లోతున ఉందో చెప్పేసేవాణ్ని. జనం వరసకట్టి వచ్చేవారు. మనవళ్ల దగ్గర ఇలాగే చెబుతుంటాను. కాగితం మీద పెట్టేసరికి చెయ్యి ఒప్పుకోవడం లేదు. వరసకట్టి ఎవరూ రాలేదు. వచ్చింది ఒక్కరే, మా ఇంటి ఓనరు. ఆయనైనా నా చెవిని నమ్మి రాలేదు, నా వయసును నమ్మి వచ్చాడు.

మాది కోస్తా నుంచి వచ్చిన గుమాస్తా కుటుంబం. ఆ పాత ఇంట్లో కింద రెండు గదులు మాకు కిరాయికి ఇచ్చి, ఓనరు మేడ మీద ఉండేవాడు. సుల్తాన్ బజార్‌లో ఆయనకు బట్టల దుకాణం. ఇంటి వెనక మట్టి పెరడు, పెరట్లో జామచెట్టు. ఎండాకాలం వస్తే మా నాయనమ్మ నులకమంచం ఆ పెరటి మధ్యలోనే. అక్కడి నేల చల్లగా ఉంటుందని ఆవిడకు ఆ చోటంటే ప్రాణం.

మా పక్క గదిలో ఉండే ఆయన్ని పిల్లలందరం రేడియో మామ అనేవాళ్లం. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు పక్క సందులో రేడియోలు బాగుచేసేవాడు. గొప్పలు చెప్పడంలో నాకు గురువు ఆయనే. సముద్రంలో మునిగిన ఓడ కూడా తన రేడియోలో పలుకుతుందనేవాడు, మేం నమ్మేవాళ్లం. ఒక వేసవిలో, మా అమ్మ పారేసిన జల్లెడ చట్రానికి రాగి తీగ చుట్టి, దాన్ని కర్రకు బిగించి, పాత ట్రాన్సిస్టర్ డబ్బా ఒకటి భుజానికి తగిలించుకున్నాడు. ఆ డబ్బా నుంచి సన్నటి వైరు నా చెవి దాకా వచ్చేది. చెవిలో తుమ్మెద దూరినట్టు ఒకటే రొద. జల్లెడ కిందికి మేకు వస్తే ఆ రొద గొంతు దించుకుని మూలిగేది. ఇత్తడి వస్తే గొంతు లేపి కూసేది.

సెలవులన్నీ అదే చదువు. నేను కళ్లు మూసుకుంటే మామ మట్టిలో ఏదో ఒకటి పూడ్చేవాడు, విని చెప్పాలి. కొద్ది రోజుల్లోనే నా చెవి మామను మించిపోయింది. ఇదీ కోతే. సగం సార్లు తప్పేవాణ్ని. ఒకరోజు చెవిలో కూత ఎంత తియ్యగా వచ్చిందంటే, ఇత్తడి బిందె అని పందెం కాశాను. మామ మట్టి తీసి చూపించాడు. నూనె డబ్బాను కత్తిరించి సాపు చేసిన రేకు.

ఇనుమైతే మూలగాలి కదా అని నేను గొడవ పెట్టుకున్నాను. ఆయన నవ్వాడు. “ఇనుమే, గాని రేకు మోసం చేస్తది అల్లుడా. వెడల్పుగ పండుకున్న ఇనుము ఇత్తడి లెక్కనే పాడుతది. గందుకే పాట వినంగనే మురవకు, జల్లెడ జర పైకెత్తు. చిన్న వస్తువైతే మోకాలి కాడికే గొంతు పోతది. నడుం దాక ఎత్తినా పాడుతుందంటే, కింద పెద్ద రేకున్నట్టు.”

తన తాత ఈ ఇంట్లో ఎక్కడో బంగారం పాతిపెట్టాడని మా ఓనరుకు గట్టి నమ్మకం. మా ఆట ఆయన మేడ మీంచి చూస్తూనే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం, ఇల్లంతా కునుకు తీస్తున్న వేళ, మామా నేనూ పెరట్లో ఉండగా గడ్డపార పట్టుకుని దిగి వచ్చాడు. కూలివాణ్ని పిలిస్తే బయట చెబుతాడని తానే తవ్వడానికి సిద్ధపడ్డాడు. పెరటి తలుపుకు లోపలి నుంచి గొళ్లెం పెట్టాడు.

మామ వైరు తన చెవిలో పెట్టుకోబోతే ఓనరు ఆపాడు. “నిన్నెట్ల నమ్మాలె రేడియో, నీ నోట్లె అన్నీ పాటలే. పిలగానికి పెట్టు. పిలగాడు అబద్ధమాడడు.”

గోడల వెంట తిరిగాం. మేకులు మూలిగాయి, అంతే. నాయనమ్మ లోపల పడుకుని ఉంది. ఓనరు ఆవిడ ఖాళీ మంచాన్ని పక్కకు ఈడ్చేసి, ఇక్కడ చూడమన్నాడు. జల్లెడ అక్కడికి చేరీ చేరగానే చెవిలో రొద గొంతు లేపి పాడింది. నేను నోరు విప్పకముందే నా ముఖం చెప్పేసింది. ఓనరు వచ్చి సరిగ్గా ఆ చోటే కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

మామ జల్లెడ మోకాలి దాకా ఎత్తాడు. పాట తగ్గలేదని నేను తల అడ్డంగా ఊపాను. నడుం దాకా ఎత్తాడు. తగ్గలేదు. పక్కకు జరిపాడు, ఇంకా పక్కకు జరిపాడు. తగ్గలేదు. అప్పుడు ఆయన నా పాదాల వైపు చూశాడు. ఒక పెద్దమనిషి నా పాదాలను అంత భయంగా చూడడం మళ్లీ ఎప్పుడూ ఎరగను. అంత వెడల్పు రేకును ఎవరూ ఊరికే మట్టిలో పరచరు. కింద బోలు ఉంటేనే పరుస్తారు. ఆ ఆలోచన ఆయన కళ్లలోంచి నాలోకి దిగింది. మేం ముగ్గురం నిలబడ్డది నేల మీద కాదు, ఎన్నేళ్లుగానో తుప్పు పడుతున్న మూత మీద.

ఓనరు గడ్డపారతో ఒక పోటు పొడిచాడు. మట్టిని పొడిచిన చప్పుడు కాదది, కాళ్ల కింద ఎక్కడో దూరంగా తలుపు కొట్టినట్టు వినిపించింది.

“సేటూ, జర జరుగు. కింద బోలున్నట్టుంది,” అన్నాడు మామ.

“ఔ, నేను జరుగుత, నువ్వు తవ్వుకుంటవ్. గీ ముచ్చట్లు ఇంకెవరికన్న చెప్పు.”

మళ్లీ గడ్డపార ఎత్తాడు. మామ మరి బతిమాలలేదు. వైరు పట్టి నన్ను మెల్లగా గోడ దగ్గరికి నడిపించాడు. నడుస్తూనే జేబులోంచి దుకాణం ఇత్తడి తాళంచెవి జారవిడిచి, చెప్పు కింద నొక్కిపెట్టి, దాని మీద జల్లెడ పట్టాడు. నా చెవిలో చిన్న కూత. ఇత్తడి, చిన్నది, పైపైనే ఉంది. నాకంతా తెలుస్తూనే ఉంది. మామ నా వైపు చూడలేదు, సైగ చెయ్యలేదు. ఓనరే అడిగాడు.

“ఏమైంది పిలగా? గాడ మోగుతుందా?”

“మోగుతోందండీ.”

“గీడికన్న ఎక్కువనా?”

ఆయన గడ్డపార ఇంకా గాల్లోనే ఉంది. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “చాలా ఎక్కువండీ.”

ఆయన కాసేపు తన కాళ్ల కింది బంగారాన్నీ నేను చెప్పిన బంగారాన్నీ తూచుకుంటున్నట్టు నిలబడిపోయాడు. తర్వాత గడ్డపార భుజాన వేసుకుని మా వైపు నడిచాడు. ఆయన ఇవతలికి రాగానే, మామ గోడ వారనున్న రుబ్బురోలు పొత్రాన్ని రెండు చేతులా ఎత్తి పెరటి మధ్యలోకి విసిరాడు. రేకు విరిగిన చప్పుడు. మంచమంత మేర మట్టి లోపలికి జారిపోయింది. తర్వాత ఏమీ లేదు. ఆ తర్వాత ఎక్కడో అడుగున నీళ్లు.

పొత్రం అడుగు చేరేలోపు అబిడ్స్ వెళ్లి చాయ్ తాగి రావచ్చని చెబుతుంటాను. అంత లోతేమీ లేదు. కానీ మనిషి పోవడానికి సరిపోతుంది.

ఓనరు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. పెరటి మధ్య తెరుచుకున్న బావి నల్లటి నోట్లోంచి పాచి వాసన వస్తోంది. చిన్నప్పుడు ఇక్కడ నీళ్లు చేదినట్టు యాదికొస్తోందని గొణిగాడు. తర్వాత చాలాసేపటికి, “బంగారం బావిలనే ఉండొచ్చు గద రేడియో,” అన్నాడు.

“ఉండొచ్చు సేటూ. దిగి చూస్తవా?” అన్నాడు మామ. వంగి మట్టిలోంచి తన తాళంచెవి ఏరుకున్నాడు.

నాయనమ్మ మళ్లీ పెరట్లో పడుకోలేదు. బావిని రాళ్లతో పూడ్చారు. ఇప్పుడు ఆ ఇల్లూ లేదు, గల్లీ పక్కనుంచి మెట్రో పోతోంది. నేను జీవితమంతా కోతలు కోస్తూనే ఉన్నాను. అవన్నీ నన్ను నేను పొడుగ్గా చూపించుకోవడానికి చెప్పినవే. ఒక మనిషిని నిలబడ్డ చోటు నుంచి జరిపిన అబద్ధం మాత్రం అదొక్కటే. అందుకే ఈ రోజుకీ అబద్ధం చెప్పబోయే ముందు ఎదుటివాడి పాదాల వైపు ఒకసారి చూస్తాను. వాడు గట్టి నేల మీదే ఉంటాడు. అయినా చెప్పేస్తాను, అది నా జబ్బు. కానీ చూడకుండా ఒక్కటీ చెప్పలేదు.