నా పేజీలో నాకే అనుమతి లేదు

ఆ రోజుల్లో మనిషికి అధికారం ఎక్కడినుంచి వస్తుందో చెప్పడం కష్టం. కొందరికి కుర్చీనుంచి, కొందరికి వయసునుంచి. నాకు మాత్రం ఒక వెబ్‌సైట్‌నుంచి వచ్చింది. పార్సిప్పనీలో మేమున్న అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో తెలుగువాళ్ళ ఇళ్ళు పాతికదాకా ఉండేవి. అందరం కలిసి వాడుకోవడానికి ఒక ఉచిత సైట్ తయారుచేసినదాన్ని నేనే. నాలుగు పేజీలు: ఆఫీసులకి ఎవరెవరు కలిసి వెళ్తున్నారో చెప్పే కార్‌పూల్, వంటలు, కొత్తగా దిగినవాళ్ళకి సూచనలు, అత్యవసరాలు. మొదట్లో ఎవరైనా ఏదైనా మార్చొచ్చు. అప్పటికి నాకు ఇరవై అయిదేళ్ళు. ఆఫీసులో నా పని, ఒక పెద్ద సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏం చూడొచ్చో, ఎవరు ఏం మార్చొచ్చో పరీక్షించడం. రోజంతా పరాయివాళ్ళ తాళాలు లాగి చూసే నాకు, సొంతంగా ఒక్క తాళమైనా వేయాలన్న కోరిక లోపలెక్కడో ఉండే ఉంటుంది (అప్పట్లో అడిగితే ఒప్పుకునేదాన్ని కాదు).

ఆ కోరికకి దారి చూపించినవారు మాస్టారు. మా పై అంతస్తులో ఉండే, నేను అక్కా అని పిలిచే ఆవిడకి అది ఏడో నెల. వాళ్ళాయన, అంటే నాకు బావగారు, సోమవారం విమానమెక్కి వేరే రాష్ట్రంలో ప్రాజెక్టుకి వెళ్ళి గురువారం రాత్రికి తిరిగొచ్చేవారు. పురిటికి తోడుగా అక్క అమ్మానాన్నలు వచ్చారు. ఆ నాన్నగారే మాస్టారు, ముప్పై అయిదేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవారు. బయట మంచు, చేతిలో కారు లేదు, మాట్లాడుకోవడానికి ఈడువాళ్ళు లేరు. అక్క జాలిపడి మా సైట్‌లో ఆయనకొక అకౌంట్ తెరిచింది. వారం తిరిగేసరికి కార్‌పూల్ పేజీ పేరు 'సహప్రయాణం' అయింది. లాండ్రీ రూమ్ 'వస్త్రక్షాళన మందిరం' అయింది. కొత్తగా వచ్చిన ఒక కుర్రాడు సోషల్ సెక్యూరిటీ కార్డు ఎక్కడ తీసుకోవాలని సైటంతా వెతికి, దొరక్క నాకు ఫోన్ చేశాడు. చూస్తే ఆ శీర్షిక 'సాంఘిక భద్రతా పత్రము' అని ఉంది. అదే వారంలో వంటల పేజీలో కరీంనగర్ అన్నకీ, గుంటూరు వదినకీ పప్పుచారులో బెల్లం దగ్గర పేచీ వచ్చింది. ఆవిడ పొద్దున బెల్లం వేసేవారు, ఈయన సాయంత్రం తీసేసేవాడు. "పప్పుచారుల బెల్లమేంది చెల్లే, అది పాయసమా?" అని నాకే ఫిర్యాదు.

ఇక ఊరుకుంటే లాభం లేదనుకుని ఒక ఆదివారం కూర్చుని అందరినీ తరగతులుగా విడగొట్టాను. చదివేవాళ్ళు, సూచించేవాళ్ళు, మార్చేవాళ్ళు, అందరి మీదా అడ్మిన్. అడ్మిన్ అంటే నేనే. మార్చేవాళ్ళలోనూ నేనే. ఎవరికైనా ఏదైనా మార్చాలని ఉంటే దరఖాస్తు పంపాలి, కారణం తప్పనిసరిగా రాయాలి. మాస్టారిని చదివేవాళ్ళలో వేశాను. మర్నాడు ఆయన మెట్లు దిగి వచ్చి మా తలుపు తట్టారు. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడి, "ఏమ్మా, నాకు చదివే హక్కుంది గానీ రాసే హక్కు లేదంటోంది ఆ యంత్రం. ఏదైనా పొరపాటు చేశానా?" అన్నారు.

"అదేం లేదంకుల్. ఇప్పుడు ప్రాసెస్ మారింది. రిక్వెస్ట్ పెట్టండి, చూస్తాను" అన్నాను. ముప్పై అయిదేళ్ళు పిల్లల రాతలు దిద్దిన మనిషితో, ఆఫీసులో మా మేనేజరు నాతో మాట్లాడే గొంతుతోనే మాట్లాడాను. ఆయన "సరేనమ్మా" అని వెళ్ళి, 'గౌరవనీయులైన నిర్వాహకురాలి సముఖమునకు' అని మొదలుపెట్టి పెద్ద దరఖాస్తు పంపారు. చదివి నవ్వుకుని పక్కన పెట్టాను. అది అలాగే నెలకి పైగా పక్కనే ఉంది.

అత్యవసరాల పేజీలో ఒక పట్టిక ఉండేది. బావగారు ఊళ్ళో లేని రోజుల్లో అక్కకి నొప్పులొస్తే ఏ రోజు ఎవరు కారు తీయాలో అందులో రాసుకున్నాం. గురువారం కరీంనగర్ అన్నది. ఒక మంగళవారం ఆయన ఫోన్ చేసి, "చెల్లే, ఎల్లుండి నేను బోస్టన్ పోవాలె. నా పేరు తీసేసి ఇంకెవరిదన్న పెట్టు" అన్నాడు. ఇదివరకైతే తనే మార్చుకునేవాడు. ఇప్పుడు నేను మార్చాలి. బుధవారం మధ్యాహ్నం ఆఫీసు కాంటీన్‌లో సైట్ తెరిచాను. తెరిచినదాన్ని ఆ పేరేదో ముందు మార్చొచ్చుగా. మార్చలేదు. అడ్మిన్ జాబితా తీసి పేర్లు సర్దడం మొదలుపెట్టాను. అక్షరక్రమంలో మాస్టారి పేరూ నా పేరూ పక్కపక్క వరసల్లో ఉండేవి. ఆయన వరసలో చేయాల్సింది నా వరసలో, నా వరసలో ఉండాల్సింది ఆయన వరసలో నొక్కి, సేవ్ చేశాను. తెర ఒక్కసారి మెరిసి, 'ఈ పేజీ మార్చడానికి మీకు అనుమతి లేదు. అడ్మిన్‌ని సంప్రదించండి' అంది. ఆ వాక్యం రాసుకున్నది కూడా నేనే.

ఇప్పుడు అడ్మిన్ మాస్టారు. నేను చదివే మనిషిని. అక్క ఇంటికి ఫోన్ చేసి ఉన్న సంగతి చెబితే అయిదు నిమిషాల్లో తేలిపోయేది. కానీ ఆయన ముందు నిలబడి అడగడమంటే ప్రాణం మీదికి వచ్చినట్టనిపించింది. సైట్ కంపెనీవాళ్ళకి మెయిల్ పెట్టాను. రెండు పనిదినాల్లో జవాబిస్తామన్నారు. డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా రెండు వారాలుంది, ఒక్క గురువారానికి ఏమవుతుందిలే అనుకున్నాను.

గురువారం తెల్లారేసరికి అడుగు ఎత్తు మంచు. ఆఫీసువాళ్ళు ఇంట్లోంచే పని చేసుకోమన్నారు. పది గంటలప్పుడు తలుపు తట్టిన చప్పుడైంది. తీస్తే మాస్టారు. చెప్పులు కూడా లేవు, మేజోళ్ళతోనే దిగివచ్చారు. "అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయమ్మా. ఆ పట్టికలో ఉన్నాయనకి ఫోన్ చేస్తే బోస్టన్‌లో ఉన్నానంటున్నాడు. తన పేరు తీసేయమని నీకు ముందే చెప్పాడట కదా" అన్నారు. అందులో నిష్ఠూరం లేదు. ఏదో లెక్క తప్పిందేమిటా అని అడుగుతున్నట్టు అడిగారు, అంతే.

మిగతావాళ్ళు కొందరు ఫోన్ తీయలేదు, కొందరు అప్పటికే రోడ్ల మీద ఇరుక్కున్నారు. అంబులెన్స్ అంటే అక్క వద్దంది, నొప్పులింకా దూరందూరంగానే ఉన్నాయి, మెల్లగా కార్లో రమ్మని డాక్టరు కూడా అన్నారంది. మిగిలిన కారు నాది. లైసెన్సు వచ్చి మూడు వారాలు (రెండుసార్లు తప్పాక వచ్చింది). అద్దం మీద గడ్డకట్టిన మంచు గీకడానికి నా దగ్గర ఏమీ లేకపోతే, అక్కావాళ్ళమ్మగారు వంటింట్లోంచి అట్లకాడ తెచ్చారు. మాస్టారు దానితో అద్దమంతా శుభ్రంగా, మూలలతో సహా గీకారు.

వెనక అక్క, వాళ్ళమ్మగారు. ముందు నా పక్కన మాస్టారు. పావుగంట దారికి ముప్పావుగంట పట్టింది. ఒక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇక ఆపుకోలేకపోయాను.

"అంకుల్, ఆ పేరు తీయాల్సింది నేనే. తీయలేకపోయాను. పొరపాటున నన్ను నేనే తీసేసుకున్నాను. ఇప్పుడు అడ్మిన్ మీరు."

"నేనా? ఎప్పట్నించి?"

"నిన్న మధ్యాహ్నం నుంచి."

"నాతో ఎవరూ అనలేదే."

"అనడానికి నాకు సిగ్గేసింది అంకుల్."

వెనకనుంచి అక్క, నొప్పికీ నొప్పికీ మధ్య దొరికిన ఊపిరితో, "నాన్నా, పదవి సంగతి తర్వాత చూసుకుందురుగాని. ఒసేయ్, గ్రీన్ పడింది, పోనీయవే" అంది. వాళ్ళమ్మగారికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నాకు మాత్రం ఏడుపే వచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి చేయి తీస్తే మాస్టారు, "రెండు చేతులూ చక్రం మీదే ఉంచమ్మా" అన్నారు.

సాయంత్రం నాలుగింటికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమమన్నాక వెయిటింగ్ రూములో మాస్టారి పక్కన కూర్చుని, నా ఫోన్‌లో ఆయన అకౌంట్ తెరిపించి, "ఇక్కడ నొక్కితే నా హక్కులు నాకొచ్చేస్తాయి అంకుల్" అన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని తెరంతా నిదానంగా చదివారు.

"ఇక్కడ పదకొండు దరఖాస్తులున్నాయేమ్మా?"

"పెండింగ్‌లో ఉన్నాయి అంకుల్."

"ఎవరి దగ్గర?"

"నా దగ్గరే."

"అయితే ముందు వాళ్ళ సంగతి చూద్దాం" అని ఒక్కొక్కటీ పైకి చదువుతూ అన్నిటికీ అనుమతి ఇచ్చారు. గుంటూరు వదిన బెల్లానికి ఇచ్చారు, కరీంనగర్ అన్న 'బెల్లం ఐచ్ఛికం' అన్న సవరణకీ ఇచ్చారు. చివర్న తనది వచ్చింది. దాన్ని మాత్రం చదవకుండానే ఒప్పేసుకున్నారు. "మరి నీది లేదేం?" అన్నారు. నేను పెట్టలేదన్నాను. "పెట్టమ్మా. పద్ధతి నువ్వు పెట్టిందే కదా" అన్నారు, కోపమేమీ లేకుండా. అక్కడే కూర్చుని రాశాను. కారణం దగ్గర ఏం రాయాలో తోచక, 'పొరపాటు నాది, సరిదిద్దుకోడానికి అనుమతి ఇవ్వగలరు' అని పెట్టాను. ఆయన 'సరిదిద్దుకోడానికి'ని 'సరిదిద్దుకోవడానికి' అని దిద్ది, ఆ తర్వాత అనుమతి ఇచ్చారు.

మర్నాడే తరగతులన్నీ ఎత్తేశాను. తర్వాత ఎవరు ఏం మార్చినా కొంప మునగలేదు. మాస్టారు దంపతులు వచ్చిన ఆరో నెలలో ఇండియా వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకి అక్కావాళ్ళు నేపర్‌విల్‌లో ఇల్లు కొనుక్కున్నారు, అన్న ఫ్రీమాంట్ వెళ్ళాడు. సైట్‌ని ఎవరూ మూయలేదు, ఎవరూ తెరవడమూ లేదు.

ఇప్పుడాలోచిస్తే ఆ తాళాలెందుకు వేశానో కొంచెం అర్థమవుతుంది. అప్పట్లో వీసా ఎన్నాళ్ళుంటుందో నా చేతిలో లేదు. ప్రాజెక్టు ఎప్పుడైపోతుందో, ఆ తర్వాత ఏ ఊరు పొమ్మంటారో అదీ నా చేతిలో లేదు. నా మాట చెల్లేది ఆ నాలుగు పేజీల్లోనే. ఆఫీసు కాంటీన్‌లో ముట్టని పెరుగన్నం డబ్బా ముందు పెట్టుకుని, తెలిసినవాళ్ళందరి పేర్ల పక్కనా టిక్కులు తీసేస్తూ కూర్చున్న ఆ అమ్మాయి అప్పుడప్పుడు కళ్ళ ముందుకొస్తుంది. నవ్వొస్తుంది. పక్కన కూర్చుని, ఆ కంప్యూటర్ మూసి, "ముందు అన్నం తినవే పిచ్చిదానా" అనాలనిపిస్తుంది.