ముప్పై ఎనిమిదికి ప్రార్థన

టేకులపల్లిలో నాకు మందుల షాపుంది. మందులతో పాటు రీచార్జి కార్డులు కూడా అమ్ముతాను. అందుకని ఊళ్లో ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా, ఎవరి ఫోన్ బాగా లేకపోయినా నా దగ్గరికే వస్తారు. ఒంటి సంగతి ఎంతో కొంత తెలుసు. ఫోన్ సంగతి తెలిసినట్టు నటిస్తాను. నన్ను పూర్తిగా నమ్మిన మనిషి జకర్యా ఒక్కడే.

జకర్యా చర్చిలో గంట కొడతాడు. వయసు అరవై దాటింది, షుగరుంది. ఎవరికి ఏ కష్టమొచ్చినా ఆయనతో చెప్పుకుంటారు, ఆయన మోకాళ్లూని ప్రార్థన చేస్తాడు. ఇరవై ఏళ్లుగా ఇదే తంతు. రెండువేల ఎనిమిదిలో అల్లుడు తన పాత ఫోన్ ఇచ్చాక కష్టాలు కూడా ఫోన్‌లోనే రావడం మొదలైంది. మాట్లాడితే బ్యాలెన్సు పోతుంది కాబట్టి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒక మిస్డ్ కాల్ వస్తే ప్రార్థన చేయమని. జకర్యా తిరిగి ఒకటి ఇస్తే, విన్నాను, మోకాళ్ల మీద ఉన్నాను అని. కష్టం తీరాక రెండు మిస్డ్ కాల్స్ ఇస్తే స్తోత్రమని. అసలు కష్టమేమిటో ఆదివారం తీరిగ్గా చెప్పుకునేవారు.

"కష్టమేందో తెలవకుండ ఏమని చేస్తవయ్యా?" అని ఒకసారి అడిగాను.

"పైనున్నాయనకు ఎరుకే గద సారు. నాకెందుకు?" అన్నాడు.

పేర్లు సేవ్ చేసుకోవడం ఆయనకు రాదు. నంబరు చివరి రెండంకెలతోనే మనిషిని గుర్తుపడతాడు. నలభై ఒకటి అంటే తండాలో జమ్లి. డెబ్బై అంటే బడి పక్క బిచ్యా. ఆ మరుసటి ఏడు జనవరిలో ఎవరూ ఎరగని ముప్పై ఎనిమిది వచ్చింది.

తెల్లవారి గంట కొట్టి కిందికి దిగేసరికి ఒక మిస్డ్ కాల్. జకర్యా తిరిగి ఒకటిచ్చి మోకాళ్లూనాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. రెండు మిస్డ్ కాల్స్ మాత్రం రావు. ఆదివారం చర్చిలో ఒక్కొక్కరి నంబరూ అడిగి చూశాడు. ఎవరిదీ కాదు.

"ముప్పై ఎనిమిదికి ఇంక తగ్గలే సారు," అని రోజూ నా షాపు ముందు నిలబడేవాడు. "ఏం జబ్బో ఏందో. రోజూ తెల్లారంగనే గుర్తు చేస్తుండ్రు పాపం."

"ఫోన్ చేసి అడగరాదూ?"

"చెప్పుకునేదైతే ఆళ్లే చెప్తరు గద. మనం అడగొద్దు."

మొండి కష్టానికి ఉపవాసం ఉండటం ఆయన అలవాటు. ముప్పై ఎనిమిది కోసం పొద్దుటి తిండి మానేశాడు. షుగరు మాత్ర మాత్రం వేళ తప్పకుండా వేసుకునేవాడు. తిండి మానిన సంగతి అప్పటికి నాకు తెలియదు.

ఇరవై రెండో రోజు పొద్దున గంట మధ్యలో ఆగిపోయింది. వెళ్లి చూస్తే జకర్యా చర్చి మెట్ల మీద చెమటలు కక్కుతూ పడి ఉన్నాడు. ఖాళీ కడుపు మీద మాత్ర వేసుకుంటే షుగరు పడిపోయింది. గ్లూకోజు నీళ్లు పట్టించాను. ఆ మాత్రలు అమ్మింది నేనే కదా!

ఆయన భార్య ముత్యాలమ్మ పరుగున వచ్చింది. "ఎవలో తెల్వనోళ్ల కోసం పానం తీసుకుంటవా? రేపటి సంది తింటవా తినవా?" అని అరిచింది.

"నేను ఆపినంక ఆళ్లకేమన్న అయితే?" అన్నాడు జకర్యా నీరసంగా.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ఫోన్ లాక్కుని ముప్పై ఎనిమిదికి చేశాను. మిస్డ్ కాల్‌లా కట్ చేయకుండా మోగనిచ్చాను. చాలాసేపు మోగాక ఒక గొంతు విరుచుకుపడింది.

"ఎవడ్రా నా మోటారు దగ్గర? స్టార్టరు విప్పుతున్నావా? అక్కడే ఉండు, వస్తున్నా!"

"మోటారేంటండీ? ఇది టేకులపల్లి."

"టేకులపల్లా? నా మోటారు టేకులపల్లి ఎందుకెళ్లింది?"

ఇద్దరం ఒకరికొకరు అర్థం కావడానికి పావుగంట పట్టింది. ఆయన పేరు వెంకటరామారావు, ఎర్రుపాలెం దగ్గర మిరప రైతు. తోటలో నీళ్ల మోటారుకు కొత్తగా ఫోన్ స్టార్టరు బిగించుకున్నాడు. ఇంటి నుంచి ఒక మిస్డ్ కాల్ ఇస్తే మోటారు తిరుగుతుంది, తిరగగానే అది కూడా తిరిగి ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది. ఈయన తన ఫోన్‌లో మోటారు అనే పేరు మీద ఒక అంకె తప్పు నంబరు రాసుకున్నాడు. తెల్లవారి కరెంటు రాగానే జకర్యాకు మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. విన్నానని జకర్యా తిరిగి ఇచ్చేవాడు. మోటారు తిరిగిందని ఈయన దుప్పటి కప్పుకునేవాడు.

"మరి ఇన్నాళ్లూ నా మోటారు ఎవరు వేశారండీ?" అన్నాడు అయోమయంగా. నాకేం తెలుసు? ఆ సంగతి మధ్యాహ్నం ఆయనే మళ్లీ ఫోన్ చేసి చెప్పాడు. బిగించినవాడు పాత ఆటో స్విచ్ తీయకుండా వదిలేశాడట. కరెంటు రాగానే మోటారు తనంతట తనే తిరిగేది.

పొద్దున ఆ మాటల మధ్యే జకర్యా నా చేతిలోంచి ఫోన్ అందుకున్నాడు. "అయ్యా, ఇంట్ల అందరు మంచిగున్నరా?"

"అందరం బాగున్నామండీ. మీరెందుకు రోజూ తిరిగి ఇచ్చేవాళ్లు?"

జకర్యా తన పద్ధతి చెప్పాడు. ఒకటిస్తే ప్రార్థన, రెండిస్తే స్తోత్రం. వెంకటరామారావు నంబరు సరిచేసుకుంటానని చెప్పి పెట్టేశాడు.

జకర్యా ముఖం చూడలేకపోయాను. "ఇరవై రెండు దినాలు సారు. అడిగినోళ్లే లేరు. గా ప్రార్థనంత ఎటు పోయినట్టు?"

జవాబు ముత్యాలమ్మ చెప్పింది. "మిరప తోటకు నీళ్లు పారినయ్. లేచి తిను. ఇగ ప్రార్థన చేస్తే తిని చెయ్."

మిస్డ్ కాల్స్ ఆగిపోయాయి. పీడ విరగడైందని నేననుకున్నాను. జకర్యా మాత్రం రోజూ గంట కొట్టి ఫోన్ వంక చూసేవాడట.

మార్చిలో ఒక మధ్యాహ్నం ఫోన్ చేత్తో పట్టుకుని షాపుకొచ్చాడు. "సారు, ముప్పై ఎనిమిది. ఇది మనిషా, మోటారా?"

ఒకే మిస్డ్ కాల్. మళ్లీ తప్పు నొక్కాడని చెప్పాను. జకర్యా కాసేపు తటపటాయించి, తిరిగి ఒకటిచ్చాడు. నేనిచ్చిన బిస్కెట్లు నాలుగు బుద్ధిగా తిని, మందుల అట్టపెట్టెల మధ్య మోకాళ్లూనాడు. నాకా అలవాటు లేదు. అయినా కళ్లు మూసుకున్నాను.

నాలుగో రోజు రెండు మిస్డ్ కాల్స్ వచ్చాయి. వెంటనే అసలు ఫోనే వచ్చింది. జకర్యా నా షాపులోనే ఉన్నాడు, స్పీకరు పెట్టాను.

"మా ఆవిడ పద్మావతమ్మకు ఖమ్మంలో పెద్ద ఆపరేషన్ అయిందండీ. ఆ రోజు లోపలికి తీసుకెళ్లాక, ఎవరికి చెప్పుకోవాలో తోచక మీది నొక్కాను. ఇవాళ కళ్లు తెరిచి మాట్లాడింది." అంతలోనే నంబరు సంగతి ఎత్తాడు. "అసలు మోటారును కొత్త మోటారు అని రాసుకున్నానండీ. మీది చెరపబుద్ధి కాలేదు, మోటారు అనే ఉంది. మీ పేరేమిటి? మార్చుకుంటాను."

జకర్యా నావైపు చూశాడు, ఫోన్ వైపు చూశాడు.

"అట్లనే ఉండనియ్యండయ్యా," అన్నాడు. "మారిస్తే మళ్లా దొరకనేమో."