మడమ తొక్కిన బూట్లు

మా అమ్మాయి నా చంకలోంచి పాపను లాగేసుకుంది. ఇమ్మని అడగలేదు, లాగేసుకుంది.

అమెరికాలో, ఎడిసన్‌లో మా అమ్మాయి వాళ్ళ ఇంటి ముందు ఉన్నవి నాలుగే మెట్లు. మనవరాలిని ఎత్తుకుని పోస్టు డబ్బా దాకా వెళ్ళి వస్తున్నాను. మెట్టు ఎక్కుతుంటే బూటు జారింది, చతికిలబడ్డాను. పాపకేమీ కాలేదు, నాకూ దెబ్బ తగల్లేదు. కానీ చూసిన మా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"ఇక దాన్ని ఎత్తుకుని నడవకమ్మా. నువ్వు కూర్చుంటే ఒళ్ళో పెడతా."

"నిన్ను చంకనేసుకుని చేనుగట్ల మీద నడిచానే."

"అప్పుడు నీకు ఇరవై ఏళ్ళు."

మర్నాడు, నా పాదాలు ఎవరికైనా చూపించాలంది.

కాలు విరిగితే కట్టు కడతారు, నొప్పెడితే నూనె రాస్తారు. ఊరికే ఉన్న పాదానికి వైద్యమేమిటి? అదే అన్నాను. "ఫిజియోథెరపీ బుక్ చేశా, పద," అని కార్‌లో ఎక్కించింది. అక్కడున్నది తెలుగువాళ్ళ పిల్లే, ఇక్కడే పుట్టింది. ముందు నా బూట్లు చేతిలోకి తీసుకుంది.

"ఆంటీ, బ్యాక్ సైడ్ ఎందుకు ఇలా ఫ్లాట్ అయింది?"

"తొక్కాను."

"ఎందుకు తొక్కారు?"

"గుడికెళ్తే విప్పాలి, ఎవరింటికెళ్తే వాళ్ళ గుమ్మంలో విప్పాలి. ప్రతిసారీ వంగి తాళ్ళు కట్టుకుంటూ కూర్చోనా?"

"మా అమ్మమ్మ కూడా సేమ్," అంది ఆ పిల్ల నవ్వకుండా. "షూ పడిపోకుండా మీ వేళ్ళు పట్టుకుంటున్నాయి. అందుకే మీరు కాలు లేపరు, డ్రాగ్ చేస్తారు."

ఒంటికాలి మీద నిలబడమంది. నవ్వొచ్చింది. నారుకట్టలు నెత్తిన పెట్టుకుని బురదలో నడిచిన కాళ్ళివి. ఎత్తీ ఎత్తకముందే ఒళ్ళంతా పక్కకు ఒరిగింది. ఆ పిల్ల పట్టుకోకపోతే పడేదాన్నే. రెండో కాలూ అంతే. బొటనవేలు ఒక్కదాన్నే పైకి లేపమంది. లేవలేదు. పుట్టినప్పటి నుంచీ నా ఒంటి మీదున్న వేలు, నా మాట వినలేదు. మోకాళ్ళు పోతాయని విన్నాను, చూపు పోతుందని విన్నాను. పాదాలు ఇలా చెప్పాపెట్టకుండా పోతాయని ఎవరూ చెప్పలేదు.

నేను పలక పట్టి అక్షరాలు దిద్దింది యాభై దాటాక. అప్పుడు చేతివేళ్ళూ ఇలాగే మొండికేశాయి. అందుకని ఈ మొండితనం నాకు కొత్త కాదు. ఆ పిల్ల నేర్పినట్టే రోజూ కుర్చీలో కూర్చుని, నేల మీద పరిచిన తువ్వాలును కాలివేళ్ళతో దగ్గరికి లాక్కున్నాను. వంటగట్టు పట్టుకుని మడమలు లేపి దించాను. ఆ గట్టు వదలకుండానే ఒంటికాలి మీద నిలబడ్డాను. పాత బూట్లు మా అమ్మాయి చెత్తబుట్టలో పడేసి, మడమను పట్టి ఉంచే కొత్తవి కొంది. గుమ్మం పక్కన కుర్చీ వేయించుకున్నాను, కూర్చుని తొడుక్కోవడానికి.

"ఏంటత్తయ్యా, డాన్స్ నేర్చుకుంటున్నారా?" అన్నాడు అల్లుడు ఒకరోజు, కాఫీ కలుపుకుంటూ.

"నువ్వు నిలబడు ఒంటికాలి మీద. చూద్దాం."

నిలబడ్డాడు. ఊగి ఫ్రిజ్ పట్టుకున్నాడు. నలభై నిండని కుర్రాడు! ఇంక నవ్వలేదు అతను. నేనూ నవ్వలేకపోయాను.

ఎండలు తగ్గి ఆకులు రాలే వేళకు నా బొటనవేలు లేచింది. మా అమ్మాయి కొన్నాళ్ళు నా నడక గమనించి, ఒక మధ్యాహ్నం పాపను తెచ్చి నా ముందు నిలబడింది.

"హాల్లో అయితే ఎత్తుకో. మెట్ల మీద ఇప్పుడే వద్దు."

కోపం రావాల్సింది, రాలేదు. మెట్ల మీద నన్ను నేనే ఇంకా నమ్మను.

పాపను అందుకున్నాను. బాగా బరువెక్కింది. ఆ బరువుకు నా కాలివేళ్ళు వాటంతటవే విచ్చుకుని నేలను పట్టుకున్నాయి. ఉలిక్కిపడ్డాను. ఇన్నేళ్ళూ ఈ పని ఇవి చేస్తూనే ఉన్నాయా? నాకెప్పుడూ తెలియలేదే. కిటికీ దాకా నడిచి వెనక్కి తిరిగాను. మా అమ్మాయి రెండు చేతులూ చాపుకుని నా వెనకే నడిచొస్తోంది.