గట్టుదాకా లేవని చెయ్యి

కొడవలూరు చుట్టుపక్కల నాట్లు వేసే ఆడవాళ్ల గుంపుకు మాలకొండమ్మ మేస్త్రి. వరి కయ్యలో ఆమె చెయ్యెత్తితేనే అందరూ వంచిన నడుములెత్తాలి. అవతలి గట్టు చేరేదాకా ఆ చెయ్యి లేవదు. మధ్యలో ఎత్తితే మేస్త్రికి సత్తువ తగ్గిందని ఊరు చెవులు కొరుక్కుంటుందని ఆమె భయం. మనిషికి అంత మొండితనం పనికిరాదు గానీ, చెబితే వినే రకం కాదు.

పోయినేడు నారు పీకుతుంటే పాము కరిచింది. నెల్లూరు ఆసుపత్రిలో గొంతులో గొట్టం వేసి, చాలా రోజులు మిషను మీద ఉంచి బతికించారు. గొట్టం ఒరిసిన చోట ఊపిరి గొట్టంలో పుండుపడి, మానుతూ మానుతూ దారిని ఇరుకు చేసింది. ఊపిరి పీలిస్తే ఈల వినపడేది. ఊళ్లో ఉబ్బసమన్నారు. పడుకోలేక గోడకానుకుని నిద్రపోయేది. ఎవరడిగినా "బాగానే ఉండా" అనేది.

చివరికి ఆసుపత్రిలో అసలు సంగతి తేలి, ఆపరేషన్ తప్పలేదు. మత్తు డాక్టరు కామాక్షి స్కాన్ చూసి తల పట్టుకుంది. ముందే నిద్రపుచ్చితే సొంత ఊపిరి ఆగిపోతుంది, మిషనుతో కొట్టే గాలి ఆ సందులోంచి లోపలికి పోతుందన్న నమ్మకం లేదు. అందుకే కూర్చోబెట్టి, గొంతు తిమ్మిరెక్కించి, మెలకువగా ఉండగానే ముక్కులోంచి కెమెరా తీగ దించి, దాని మీదుగా సన్నటి గొట్టం ఇరుకు దాటించాలి. ఆ తర్వాతే నిద్ర.

"తీగ సందులోకి పోతే గాలాడదు. తట్టుకోలేకపోతే చెయ్యెత్తక్కా, వెంటనే తీసేస్తా," అని కామాక్షి ముందే చెప్పింది.

తీగ ఇరుకులోకి పోయింది. మాలకొండమ్మ పెదాలు నల్లబడ్డాయి. చెయ్యి మాత్రం ఒళ్లోనే ఉంది. మిషను కూత పెట్టేసరికి కామాక్షి గబుక్కున తీగ లాగేసింది.

"చెయ్యెందుకు ఎత్తలేదక్కా? ప్రాణం పోయుండేది!" భయమంతా కోపమై వచ్చింది.

మాలకొండమ్మ ఊపిరి కూడగట్టుకుంది. "గట్టు చేరకముందే మేస్త్రి చెయ్యెత్తితే ఎట్టమ్మా?"

ఏ గట్టని అడిగితే, రెండు ముక్కల్లో తన కయ్య పద్ధతి చెప్పింది. కామాక్షి కోపం దిగిపోయింది.

"నీ గుంపులో ఎవరికన్నా చేతగాకపోతే నీకెట్ట తెలుస్తాది?"

"వాళ్లే..." అని మాలకొండమ్మ ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఒక్కరూ నోరు తెరిచి చెప్పిన గుర్తు లేదు.

"ఈ పూట మేస్త్రిని నేను. నువ్వు నాటే మనిషివి. నువ్వు చెప్పకపోతే నాకెట్ట తెలుస్తాది?"

రెండోసారి తీగ ఇరుకు చేరగానే ఆ చెయ్యి సిగ్గుపడుతూ లేచింది. తీగ వెనక్కి వచ్చింది. ఊపిరి అందాక మళ్లీ దించితే ఈసారి గొట్టం దాటిపోయింది. మాలకొండమ్మ నిశ్చింతగా నిద్రపోయింది. సర్జన్ దారి వెడల్పు చేశాడు.

ఈ యేడు నాట్లకు ఆమె మళ్లీ కయ్యలో దిగింది. ఊపిరిలో ఈల లేదు. గట్టు ఇంకా సగం దూరముండగానే చెయ్యెత్తింది. గుంపంతా బిత్తరపోయింది. గుంపులో పాతమనిషి కామమ్మ పక్క సాలులోంచి బురదలో పడుతూ లేస్తూ వచ్చింది.

"ఏమైందక్కా? ఊపిరాడటంలా?"

"నాకేం కాలేదే. నీకు నడుం నొప్పిగా లేదా?"

కామమ్మ తన చేతిలోని నారుకట్ట వైపు చూసింది.

"ఎప్పట్నుంచో ఉందక్కా," అంది.